కారుకి సొట్ట పడిందా? ముందు రంగు చూడండి

అమెరికాలో కారు కొని నెల తిరక్కముందే పార్కింగ్‌లో పక్కవాడు డోరు తీస్తూ మన డోరుకి టక్కున కొట్టి వెళ్లిపోతాడు. రూపాయి బిళ్లంత సొట్ట. సాయంత్రం ఇంటికి వీడియో కాల్ చేస్తే విజయవాడ నుంచి నాన్నగారు అనే మాట దాదాపు ఒకటే. "అదెంత పనిరా, మన ఆటోనగర్‌లో అయితే లప్పం పెట్టి రంగు కొట్టి సాయంత్రానికి ఇచ్చేస్తారు." ఈసారి సెలవుకి పటమట వచ్చిన నన్ను మా పక్కింటాయన పట్టుకున్నది కూడా దీని గురించే. డల్లాస్‌లో వాళ్లబ్బాయి కారు డోరు మీద చిన్న సొట్టకి తొమ్మిది వందల డాలర్లు అడిగారట. "మోసమేనంటావా బాబూ?" అన్నారు.

మోసం కాదండీ. కాకపోతే వాళ్లబ్బాయి వెళ్లాల్సిన చోటికి వెళ్లలేదు. బాడీ షాప్‌కి వెళ్లాడు. వాళ్లు సొట్ట ఒక్కటే చూడరు. రంగు గీకాలి, పుట్టీ పెట్టాలి, ప్రైమర్, రంగు, దాని మీద క్లియర్ కోట్ (రంగుని కాపాడే పారదర్శకమైన పూత) వేయాలి. కొత్త రంగు పాతదానితో కలిసిపోవాలంటే పక్క ప్యానెల్ మీదికి కూడా కొంత పట్టించాలి. తళుకుమనే పెర్ల్ తెలుపు లాంటి రంగైతే ఇంకో కోటు అదనం. అక్కడ ప్రతి గంట కూలీకీ లెక్క ఉంటుంది కాబట్టి బిల్లు అలాగే వస్తుంది.

రంగు చెదరని సొట్టకి ఇదంతా అక్కర్లేదు. పెయింట్‌లెస్ డెంట్ రిపేర్ అని వేరే పనివాళ్లుంటారు, పొట్టిగా పీడీఆర్ అంటారు. కొందరు వ్యాన్‌లో పనిముట్లు వేసుకుని మన అపార్ట్‌మెంట్ పార్కింగ్‌కే వచ్చి చేసి వెళతారు. ఒక్క చిన్న సొట్టకి సాధారణంగా వంద నుంచి రెండు వందల డాలర్ల లోపు తేలిపోతుంది. ఊరిని బట్టి, సొట్ట పడిన చోటుని బట్టి కొంచెం అటూ ఇటూ.

పని జరిగేటప్పుడు వీలైతే పక్కన నిలబడి చూడండి. ముందు డోరు దగ్గర ఒక లైటు బోర్డు పెడతాడు. దాని గీతలు రంగు మీద ప్రతిబింబంగా కనిపిస్తాయి. రేకు చదునుగా ఉన్నచోట గీతలు తిన్నగా ఉంటాయి, సొట్ట దగ్గర వంకర తిరుగుతాయి. తర్వాత డోరు అద్దం పక్క సందులో ఒకవైపు సన్నగా ఉండే చిన్న దిమ్మ లాంటిది దూర్చి సందు వెడల్పు చేసి, అందులోంచి వంపు తిరిగిన సన్నటి ఇనుప కడ్డీని లోపలికి దించుతాడు. కడ్డీ మొన సొట్ట వెనక్కి చేరిందో లేదో అతనికి కనిపించదు. బయట గీత కదిలితేనే తెలుస్తుంది. అక్కణ్ణుంచి ఒక్కసారిగా తోయడు. అంచుల నుంచి మధ్యకి, కొంచెం నొక్కుతాడు, గీత చూస్తాడు, మళ్లీ నొక్కుతాడు. ఎక్కడైనా ఎక్కువై బొడిపె లేస్తే ప్లాస్టిక్ మొన ఉన్న పనిముట్టు పెట్టి చిన్న సుత్తితో టకటకమని దింపుతాడు. గీతలు తిన్నబడ్డాయంటే పని అయిపోయినట్టే. వెనక నుంచి చేయి దూరని చోటైతే పైన వేడి జిగురుతో ప్లాస్టిక్ బిళ్ల అంటించి బయటికి లాగుతారు, తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో జిగురు ఊడదీస్తారు.

మన ఆటోనగర్ టింకరింగ్ మేస్త్రి చేతిలో ఉన్నదీ ఈ విద్యే. వెనక దిమ్మ పెట్టి ముందు సుత్తితో కొడుతూ, అరచేత్తో తడిమి రేకు ఎక్కడ లేచిందో చెప్పగల మేస్త్రులు ఇప్పటికీ ఉన్నారు. కాకపోతే ఎలాగూ రంగు వేస్తారు కాబట్టి రంగు గురించి ఆలోచించరు. ఆఖరి రవ్వంత ఎత్తుపల్లాన్ని లప్పం, ఉప్పు కాగితం చూసుకుంటాయి. పీడీఆర్ వాడికి ఆ వెసులుబాటు లేదు, వంద పాళ్లూ రేకుతోనే తేల్చుకోవాలి. కాబట్టి అరగంటలో అయిపోయిందని, డబ్బు ఎక్కువిచ్చామని బాధపడకండి.

రంగు కాపాడుకోవాలని ఇంతగా చెప్పడానికి కారణం ఉంది. ఫ్యాక్టరీలో రేకు మీద కాల్చి పట్టించిన రంగు గట్టిదనం తర్వాత వేసినదానికి సాధారణంగా రాదు. పైగా కారు అమ్మేటప్పుడు కొనేవాడు రంగు మందం కొలిచే మీటరు పెట్టి చూడొచ్చు. కంపెనీ రంగు మామూలుగా 100 నుంచి 180 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మధ్య ఉంటుంది. ఒక్క డోరు మీద అది మూడు నాలుగు రెట్లు చూపిస్తే, అక్కడ లప్పం ఉందని చెప్పకనే తెలిసిపోతుంది, పెద్ద యాక్సిడెంటేమో అనుకుని ధర తగ్గిస్తారు. మీరు సెకండ్ హ్యాండ్ కారు కొనేటప్పుడు ఇదే చూసుకోండి. మీటరు లేకపోతే గుడ్డ చుట్టిన చిన్న అయస్కాంతం చాలు. ఉక్కు రేకు మీద ఎక్కడైనా పట్టు తగ్గిందంటే కింద లప్పం మందంగా ఉన్నట్టు.

అన్ని సొట్టలకీ ఈ పద్ధతి పనికిరాదు. మొదట మొబైల్ లైటు వేసి ఏటవాలుగా చూడండి. రంగు పగిలిందా, వెంట్రుకంత గీతైనా కనిపిస్తోందా? పగిలితే పీడీఆర్ వదిలేయండి, లోపలికి నీరు దిగి తుప్పు పడుతుంది, రంగు వేయించక తప్పదు. సొట్ట వెడల్పు కంటే లోతు, మొన తేలడం ముఖ్యం. అరచేయంత వెడల్పున్నా లోతు లేకపోతే సులువుగా వస్తుంది. గోరంత ఉన్నా మొనదేలి ఉంటే రేకు సాగిపోయి ఉంటుంది, పూర్తిగా చదును కాకపోవచ్చు. డోరు అంచుల్లో, బాడీ మీద మడత గీత దగ్గర పడినవి కష్టం. అల్యూమినియం రేకు ఇంకా మొండిది, దానికి ఎక్కువ అడుగుతారు. 2015 మోడల్ నుంచి ఫోర్డ్ ఎఫ్-150 బాడీ అల్యూమినియమే, టెస్లా మోడల్ ఎస్ కూడా అంతే. ఆ ప్యానెల్‌కి ఇదివరకే మళ్లీ రంగు వేసి ఉంటే ఆ మాట ముందే చెప్పండి, జిగురుతో లాగితే ఆ రంగు బిళ్లతో పాటు ఊడి రావచ్చు.

ఇక యూట్యూబ్ చిట్కాలు. మరిగే నీళ్లు పోస్తే సొట్ట లేచి వస్తుందన్నది బంపర్ వరకు నిజమే, అది ప్లాస్టిక్ కాబట్టి వేడికి మెత్తబడి వెనక నుంచి తోస్తే సర్దుకుంటుంది. ఉక్కు డోరు మీద పోస్తే కారు కడిగినట్టే. హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేసి డ్రై ఐస్ పెట్టడం నాకు అసలు నచ్చదు. చేయి కాలుతుంది, రంగుకీ ప్రమాదమే. రబ్బరు కప్పుతో లాగడం మాత్రం వెడల్పుగా, లోతు లేకుండా లోపలికి పోయిన సొట్టకి ఒక్కోసారి పనిచేస్తుంది.

ఇన్సూరెన్స్ సంగతికి వస్తే, ఇండియాలో నో క్లెయిమ్ బోనస్ పోతుందని మన పెద్దవాళ్లు చిన్నవాటికి క్లెయిమ్ చేయరు. ఏళ్ల తరబడి కూడబెట్టిన 50 శాతం తగ్గింపు చేజారుతుందన్న భయం సబబే. అమెరికాలో లెక్క వేరు, డిడక్టబుల్ చూడాలి, అంటే క్లెయిమ్‌లో ముందు మన జేబులోంచి పెట్టుకోవాల్సిన మొత్తం. అది 500 డాలర్లో, 1000 డాలర్లో ఉంటే నూట యాభై డాలర్ల సొట్టకి క్లెయిమ్ చేయడంలో అర్థం లేదు, వాళ్లు పైసా ఇవ్వరు. పార్కింగ్‌లో ఎవరో కొట్టి వెళ్లినది సాధారణంగా పాలసీలో కొలిజన్ (గుద్దుకోవడం వల్ల మన కారుకి జరిగే నష్టం) కిందికి వస్తుంది. వడగళ్లు పడితే కాంప్రహెన్సివ్, అంటే గుద్దుకోవడం కాని మిగతా నష్టాలకి ఉండే భాగం. పాత కారు కదా అని లయబిలిటీ (మన వల్ల ఎదుటివాళ్లకి జరిగిన నష్టానికే ఇచ్చేది) ఒక్కటే తీసుకున్నవాళ్లకి ఈ రెండూ ఉండవు.

వడగళ్ల మాట వచ్చింది కాబట్టి చెబుతాను, టెక్సస్‌కి, కొలరాడోకి వెళ్లేవాళ్లు దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. కృష్ణా జిల్లాలో ఎప్పుడో ఎండాకాలపు గాలివానలో పడే చిన్న వడగళ్లు కావవి. డల్లాస్ చుట్టుపక్కల మార్చి నుంచి మే దాకా గోల్ఫ్ బంతంత కూడా పడతాయి. బానెట్, పైకప్పు, డిక్కీ నిండా సొట్టలే. అప్పుడు ఒక్కొక్క ప్యానెల్ మీద ఎన్ని సొట్టలు, ఒక్కొక్కటీ ఏ నాణెమంత ఉందో లెక్కేసి పట్టిక ప్రకారం ధర కడతారు. పైకప్పు పని చేయాలంటే లోపలి సీలింగ్ గుడ్డ దింపాలి, దాని కూలీ వేరు. వేల డాలర్లు అవుతుంది కాబట్టి అక్కడ మాత్రం క్లెయిమ్ చేయండి. అంత ఖర్చు మీ పాత కారు విలువని దాటితే ఇన్సూరెన్స్ కంపెనీ టోటల్ చేస్తానంటుంది, అంటే బాగుచేయించకుండా కారు విలువ కట్టి ఇచ్చేస్తుంది. ఒప్పుకునేముందు కారు మీ దగ్గరే ఉంచుకుంటే టైటిల్ (కారు ఎవరిదో చెప్పే పత్రం) మీద ఏం రాస్తారో మీ రాష్ట్రం నిబంధన కనుక్కోండి.

వాన వెలిశాక మర్నాటికల్లా రోడ్డు పక్కన టెంట్లు వేసి, ఇల్లిల్లూ తిరిగి పిలిచేవాళ్లు వస్తారు. వాళ్లలో మంచి పనివాళ్లూ ఉంటారు, కానీ వారం తర్వాత ఏ ఊళ్లో ఉంటారో వాళ్లకే తెలియదు. ఊళ్లో స్థిరంగా షాపు ఉన్నవాడికే ఇవ్వండి. ముందు డబ్బు మొత్తం ఇవ్వకండి, కాగితం మీద పని వివరం రాయించుకోండి.

లీజు కారైతే ఇంకో సంగతి. చాలా కంపెనీలు కారు తిరిగి తీసుకునేటప్పుడు క్రెడిట్ కార్డు సైజు దాటని సొట్టని మామూలు వాడకంగా వదిలేస్తాయి. మీ ఒప్పందంలో ఆ కొలత ఎంతుందో చదివి, అది దాటినవి మాత్రమే అప్పగించే ముందు పీడీఆర్ చేయించుకోండి. వాళ్లే చేయించి బిల్లు మీకు పంపితే అది దీనికి చాలా పైనే ఉంటుంది.