టెక్ సందేహాలు: అయిదుగురూ "ఉంది" అని రాసిన ఆర్‌ఎఫ్‌పీ

ప్రశ్న: పర్లాకిమిడిలో మాది కిరాణా హోల్‌సేల్ వ్యాపారం. బిల్లింగు, స్టాకు, జీఎస్టీ ఒకేచోట చూసుకునే సాఫ్ట్‌వేర్ కోసం, నెట్‌లో దొరికిన నమూనా ఆర్‌ఎఫ్‌పీని (అమ్మకందార్లను ప్రతిపాదనలు అడిగే పత్రం) నింపి అయిదుగురు వెండర్లకు పంపాము. పరీక్షించుకోవడానికని మా ఖాతాదారుల జాబితా కూడా జతచేశాము. అందరూ అన్ని సౌకర్యాలకూ "ఉంది" అనే రాశారు. తక్కువ ధర చెప్పినవారికి ఇచ్చేయవచ్చునా?

జవాబు: ఇవ్వకండి. బరంపురం నుంచి, రాయగడ నుంచి కూడా నాకు ఇదే ఉత్తరం వస్తూ ఉంటుంది. "ఈ సౌకర్యం ఉందా?" అని అడిగితే ఉన్నవాడూ, ఆర్డరు వచ్చాక ప్రోగ్రాము రాయించుకుందామని చూస్తున్నవాడూ ఒకే జవాబు ఇస్తారు. మహేంద్రతనయ నది దాటితే మీకు రాష్ట్రమే మారిపోతుంది కనుక ప్రశ్న అక్కడి నుంచే తీయండి: ఆంధ్రలోని పాతపట్నం దుకాణానికి పంపిన సరుకులో సగం పదిహేను రోజుల తరువాత తిరిగి వస్తే, ఐజీఎస్టీ (రాష్ట్రాల మధ్య అమ్మకాలపై పన్ను) బిల్లుకు క్రెడిట్ నోటు (తిరిగి వచ్చిన సరుకు విలువను తగ్గించే పత్రం) వేసి, స్టాకు సరిచేసి, మా ఎదుట చూపించండి అని రాయండి. మీ టర్నోవరు 5 కోట్లు దాటి ఉంటే, 2023 ఆగస్టు 1 నుంచి అమలులో ఉన్న ఈ-ఇన్‌వాయిస్‌ను (బిల్లును ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేయడం) కూడా అదే బిల్లుపై చేయించండి. ధరను విడి కవరులో, అయిదేళ్ల ఏఎంసీతో (ఏటా కట్టే నిర్వహణ రుసుము) కలిపి అడగండి.

ఇక ఆ జాబితా సంగతి. ఎవరు ఎంత బాకీ, ఎవరి ఫోన్ నంబరు ఏది అన్నది అయిదుగురు అపరిచితుల చేతిలో పెట్టారు. ఆర్డరు ఒకరికే దక్కినా, జాబితా అయిదుగురి దగ్గరా ఉండిపోతుంది. దాన్ని చెరిపివేశామని ఈ వారమే అందరి చేత రాయించుకోండి. పరీక్షకు కల్పిత పేర్లు చాలు.

ఇంతకన్నా నన్ను భయపెట్టేది మరొకటి ఉంది. "ఫోన్ చేయగానే సరిచేస్తాము" అంటూ వెండరు మనిషి మీ కంప్యూటరులో శాశ్వత పాస్‌వర్డుతో రిమోట్ యాక్సెస్ (దూరం నుంచే కంప్యూటరులోకి ప్రవేశించే వీలు) పెట్టి వెళతాడు. చాలాచోట్ల అన్ని దుకాణాలకూ అదే పాస్‌వర్డు. ఉద్యోగం మానేసిన కుర్రవాడికీ అది తెలుసు. ఒక్కచోట అది బయటపడితే, రాత్రికి రాత్రి అందరి లెక్కలకూ తాళం పడి, విప్పడానికి డబ్బు కట్టమనే సందేశం తెరపై నిలబడుతుంది. బ్యాకప్ అదే యంత్రంలోని డి డ్రైవులో ఉంటే అదీ పోతుంది. అందువల్ల మీరు అనుమతించినప్పుడే కనెక్షన్ తెరుచుకోవాలని, మనిషికొక లాగిన్ ఉండాలని, ఎవరు ఎప్పుడు ప్రవేశించారో కనీసం 180 రోజుల చిట్టా ఉండాలని ఒప్పందంలో రాయించండి. చొరబాట్లను గుర్తించిన 6 గంటల్లోగా తనకు తెలియజేయాలని సైబర్ భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022లోనే ఆదేశించింది. అలాంటిది జరిగితే మీకు ఎన్ని గంటల్లో చెబుతారో కూడా అడగండి.

రేపు ఆ సాఫ్ట్‌వేర్‌ను వదిలి, డేటాతో బయటపడే దారిని మాత్రం ఏ నమూనా ఆర్‌ఎఫ్‌పీ సరిగా అడగదు. ఏ కంప్యూటరులోనైనా అక్షరాలు ఒకేలా కనబడేలా చేసే యూనికోడ్ వచ్చి మూడు దశాబ్దాలు దాటినా, సరుకుల పేర్లను ఏవో సొంత ఫాంట్లలో దాచే బిల్లింగు ప్రోగ్రాములు ఇంకా అమ్ముడుపోతున్నాయంటే నాకు చిరాకు వేస్తుంది. కాబట్టి ఈ విడత ధరలను పక్కనపెట్టి, ఇద్దరు ముగ్గురినే మళ్లీ పిలవండి. తెలుగులో, ఒడియాలో ఇరవై పేర్లు ఎక్కించి, మొత్తం డేటాను ఎక్సెల్ ఫైలుగా బయటకు తీయమని చెప్పి, దాన్ని ఆ సాఫ్ట్‌వేర్ లేని కంప్యూటరులో తెరవండి. అక్కడ చింతపండు చింతపండుగానే కనబడినవారి కవరు విప్పండి.