‘క్యారీ’ అయిదు ప్రదర్శనలకే మూతపడటానికి నటీనటుల ఎంపికే కారణమా?

1988లో న్యూయార్క్‌లోని పెద్ద నాటకశాలల కేంద్రమైన బ్రాడ్‌వేలో అయిదు ప్రదర్శనలకే ఆగిపోయిన ‘క్యారీ’ సంగీత నాటకం నటీనటుల ఎంపిక వల్లనే దెబ్బతిన్నదా, మొదట తల్లి పాత్ర వేసిన బార్బరా కుక్ తప్పుకోకుండా ఉంటే నిలబడేదా అని మీరు అడిగారు. విడివిడిగా చూస్తే ఆ ఎంపికలో నాకు పెద్ద లోపం కనిపించదు. తల్లీకూతుళ్ల పాత్రలకైతే అంతకన్నా తగినవారు దొరకరనే అంటాను. ఒక్కో పాత్రకూ సరిపోయిన ఆ నటులు ఒకరి పక్కన ఒకరు నిలబడినప్పుడు ఒకే నాటకంలోని మనుషుల్లా కనిపించలేదన్నదే అసలు లోపం. ఈ అభిప్రాయం నాకు పుస్తకాలు చదివి కలిగింది కాదు. మా నాన్నగారు తెనాలి ప్రాంతంలో పద్యనాటకాలకు హార్మోనిస్టుగా పనిచేశారు. ఇక్కడ న్యూజెర్సీలో మా అమ్మాయి చదివిన హైస్కూలులో ఇదే ‘క్యారీ’ని వేసినప్పుడు నేను నెలన్నరపాటు తెర వెనక పనిచేశాను.

కథ తెలియనివారి కోసం రెండు మాటలు చెబుతాను. మూలం స్టీఫెన్ కింగ్ 1974లో ప్రచురించిన నవల. మతావేశంతో ఊగిపోయే తల్లి పెంపకంలో, బడిలో తోటి పిల్లల హేళన మధ్య నలిగిపోయే క్యారీ అనే అమ్మాయికి వస్తువులను మనసుతోనే కదిలించే శక్తి ఉంటుంది. బడి నృత్యోత్సవంలో ఆమె నెత్తిన పందిరక్తం కుమ్మరించి అందరూ నవ్వినప్పుడు ఆ శక్తి విధ్వంసంగా బయటపడుతుంది. నాటకం 1988 ఫిబ్రవరిలో ఇంగ్లండులోని స్ట్రాట్‌ఫర్డ్‌లో, రాయల్ షేక్‌స్పియర్ కంపెనీ వేదిక మీద మొదలైంది. అక్కడినుంచి న్యూయార్క్‌లోని వర్జీనియా థియేటర్‌కు వచ్చి, 16 ముందస్తు ప్రదర్శనల తరవాత మే 12న అధికారికంగా ప్రారంభమై, మే 15న మూతపడింది. 70 లక్షల డాలర్లకు పైగా పెట్టుబడి పోయింది. పరాజయం పాలైన బ్రాడ్‌వే సంగీత నాటకాల గురించి తరవాత వచ్చిన ఒక పుస్తకం శీర్షికలోనే దీని పేరు చేరిందంటే, ఆ అపకీర్తి ఎంతటిదో ఊహించవచ్చు.

తల్లి మార్గరెట్ పాత్రను స్ట్రాట్‌ఫర్డ్‌లో వేసిన బార్బరా కుక్ బ్రాడ్‌వే స్వర్ణయుగపు గాయని. అప్పటికి ఆమెకు అరవై ఏళ్లు. తొలిరోజునే సెట్‌లోని ఒక భారీ భాగం ఆమె తలకు తగలబోయి తృటిలో తప్పింది. ఆమె తప్పుకోవాలని నిర్ణయించుకున్నా, స్ట్రాట్‌ఫర్డ్ ప్రదర్శనలు ముగిసేదాకా ఆ పాత్రను మోసింది. న్యూయార్క్‌లో ఆ స్థానంలోకి బెట్టీ బక్లీ వచ్చింది. 1976 నాటి ‘క్యారీ’ సినిమాలో పీటీ టీచర్‌గా నటించింది ఈమే. క్యారీ పాత్రధారిణి లింజీ హేట్లీ బ్రిటన్ అమ్మాయి, అప్పటికి పదిహేడేళ్లది. నాటకం అంత ఘోరంగా పోయినా ఆమె ఆ ఏడాది, న్యూయార్క్ రంగస్థలం మీద తొలిసారి మెరిసినవారికి ఇచ్చే థియేటర్ వరల్డ్ పురస్కారం అందుకున్నది. వాళ్లిద్దరి పాటలను ప్రేక్షకులు రహస్యంగా తీసుకున్న పాత ధ్వనిముద్రణల్లో విన్నాను. 1988 తారాగణంతో అధికారికంగా ఆల్బమే రాలేదు కనుక అవే మనకు దిక్కు. ఆ గరగరల వెనకనుంచి కూడా, కూతురిని చీకటి గదిలోకి తోసే తల్లి గొంతులో ప్రేమా క్రౌర్యమూ కలిసి వినిపిస్తాయి.

ఇక బడి పిల్లల వైపు చూడండి. సంగీతం కూర్చిన మైకేల్ గోర్, పాటలు రాసిన డీన్ పిచ్‌ఫర్డ్ ఇద్దరూ ‘ఫేమ్’ సినిమా పాటకు ఆస్కార్ అందుకున్నవారు. నృత్యాలు సమకూర్చిన డెబీ ఆలెన్, బడి కుర్రాళ్లలో ఒకడైన బిల్లీ పాత్ర వేసిన జీన్ ఆంథొనీ రే కూడా ఆ ‘ఫేమ్’ ద్వారా పేరు తెచ్చుకున్నవారే. దర్శకుడు టెరీ హ్యాండ్స్ మాత్రం షేక్‌స్పియర్ నాటకాలలో తలపండినవాడు. అంటే తల్లీకూతుళ్ల సన్నివేశాలు గ్రీకు విషాదాంతంలా నడుస్తుంటే, బడి సన్నివేశాలు ఎనభైల నాటి టీవీ నృత్య ప్రదర్శనలా నడిచాయి. తారాగణంలో కొందరు బ్రిటన్ వారు, కొందరు అమెరికా వారు కావడంతో ఆ చీలిక ఇంకా స్పష్టంగా కనిపించింది. క్యారీని ఏడిపించే పిల్లలుగా వచ్చినవారిలో ఎక్కువమంది ఇరవై ఏళ్లు దాటిన, కండలు తిరిగిన వృత్తి నర్తకులు. పదిహేడేళ్ల హేట్లీ చుట్టూ వాళ్లు మూగినప్పుడు, తోటి పిల్లల మధ్య ఒంటరిదైన అమ్మాయిలా కాక, పెద్దవాళ్ల మధ్య చిక్కుకున్న చిన్నపిల్లలా ఆమె కనిపిస్తుంది. అది వేరే కథ, దాని బాధ కూడా వేరే.

ఇక్కడ నాకు నాన్నగారి నాటకాలు గుర్తుకొస్తాయి. కంట్రాక్టు నాటకాల్లో ఒకే రాత్రి ఒకే కృష్ణుడి పాత్రను ఇద్దరు ముగ్గురు నటులు వేసేవారు. తిరునాళ్లలో రాయబారం ఆడేటప్పుడు ఒక కృష్ణుడు దుర్యోధనుడి సభలోకి వెళ్లేవరకు పాడితే, సభలో పాడేది మరొకరు. వాళ్లు అంతకుముందు కలిసి ఒక్క రిహార్సల్ కూడా చేసి ఉండరు. ఒక్కోసారి ముఖపరిచయం కూడా ఉండదు. కొత్తగా వచ్చిన నటుడు తెర పక్కనుంచి “బాబాయ్, అయిదున్నర” అని శ్రుతి చెబితే, నాన్నగారు తల ఊపి మెట్టు మార్చేవారు, అంతే. రూపం మారినా, గొంతు మారినా జనం ఏమాత్రం ఇబ్బంది పడేవారు కాదు, ఎందుకంటే పద్యం ఎలా ఎత్తుకోవాలో, రాగం ఎక్కడ సాగదీయాలో, ఎక్కడ ఆపితే ‘వన్స్‌మోర్’ పడుతుందో అందరికీ తెలిసిన ఒకే పద్ధతి ఉండేది. ‘క్యారీ’కి తారలు దొరికారు, డబ్బు దొరికింది, రిహార్సళ్లూ జరిగాయి, ఆ ఒక్క పద్ధతి మాత్రం కుదరలేదు.

2012లో న్యూయార్క్‌లోని లూసిల్ లార్టెల్ అనే చిన్న థియేటర్‌లో మారిన్ మేజీ తల్లిగా, మోలీ రాన్సన్ కూతురుగా దీన్ని తిరిగి వేశారు. రచయితలు నాటకాన్ని బాగా సవరించారు. ఆ తరవాతనే బడులకు ప్రదర్శన హక్కులు ఇవ్వడం మొదలైంది, అలా మా అమ్మాయి బడికీ వచ్చింది. దానికి తల్లి పాత్ర దక్కింది. పదిహేడేళ్ల పిల్ల నెరిసిన విగ్గు పెట్టుకుని తోటి స్నేహితురాలికి తల్లిగా నిలబడటం మొదట్లో నాకు ఎబ్బెట్టుగానే ఉండేది. నా పని మాత్రం రక్తం. కార్న్ సిరప్‌లో ఎర్ర రంగు, చిటికెడు కోకో పొడి కలిపి చిక్కబరిచేవాళ్లం. క్యారీ వేసిన అమ్మాయికి బడి ఇచ్చిన మైకు చెడితే ఇంకొకటి లేదు కనుక, ఆ మైకుకు నడుము దగ్గర ఉండే పెట్టెను ప్లాస్టిక్ సంచిలో చుట్టి గౌను లోపలివైపు కుట్టాను, తీగను జుట్టు కింద నుంచి తెచ్చి నుదుటి దగ్గర అంటించాను. 1988లో ఇదే చిక్కు వచ్చింది: రక్తం పడితే మైకు పనిచేయదని హేట్లీ మీద నిండుగా పోయలేకపోయారు. కథంతా ఎదురుచూసిన ఘట్టం అక్కడే తేలిపోయింది.

మా పిల్లల ప్రదర్శనలో మాత్రం రక్తం పడకముందే నాకు ఒళ్లు జలదరించింది. క్యారీని చూసి నవ్విన పిల్లలందరూ ఆమె వయసువాళ్లే, అంతకుముందు మధ్యాహ్నం ఆమెతో కలిసి పిజ్జా తిన్నవాళ్లే. ఆ నవ్వు బడి వరండాలో రోజూ వినిపించే నవ్వులాగే ఉంది. హాలులో ముందు వరసలో కూర్చున్న ఒక తండ్రి తల దించుకోవడం నేను తెర సందునుంచి చూశాను. ఎంపిక అంటే గొంతు, అందం, పేరు మాత్రమే కాదని, పక్కన ఎవరు నిలబడతారన్నది కూడా అందులో భాగమేనని నాకు అప్పుడు గట్టిగా అనిపించింది.

కాబట్టి మీ రెండో ప్రశ్నకు కూడా నా జవాబు ‘కాదు’ అనే. బార్బరా కుక్ గొంతులోని మార్దవానికి తల్లి ప్రేమ ఎక్కువగా పలికి ఉండేది, బెట్టీ బక్లీ గొంతులో ఆవేశం ఎక్కువగా పలికింది. ఎవరు పాడినా ఆ ఇంటి సన్నివేశాలు నిలబడ్డాయి. ప్రదర్శన చివర హాలులో వెక్కిరింపులు, చప్పట్లు కలగలిసి వినిపిస్తున్నప్పుడు, హేట్లీ, బక్లీ లేచి నమస్కరించగానే జనం లేచి నిలబడ్డారని చూసినవారు రాశారు.