క్రిస్మస్ సినిమా తీయబోతున్న దీవెనకు, పెదనాన్న రాసేది

గుంటూరు

దీవెనా తల్లీ,

నీ కథ ఓకే అయిందని, క్రిస్మస్ ప్రేమకథ అని, డైరెక్షన్ కూడా నీకే ఇచ్చారని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. చెబుతూ చెబుతూ ఏడ్చేశాడు వాడు. ఆ రాత్రి నాకూ సరిగా నిద్ర పట్టలేదు. మన ఇంట్లోంచి సినిమాల్లోకి వెళ్లింది ఇంతవరకూ నేనొక్కణ్ణే. అదీ మేకులు కొట్టడానికి, రంగులు వేయడానికి. నువ్వు కథ చెప్పడానికి వెళ్తున్నావు. మీ తాత ఉంటే పేటంతా తిరిగి చెప్పుకునేవాడు.

సంతోషం ఎంత ఉందో భయమూ అంతే ఉంది. ఇవి వాట్సాప్‌లో ముక్కలు ముక్కలుగా చెప్పే సంగతులు కావు, అందుకే ఉత్తరం రాస్తున్నాను.

మీ నాన్న పంపితే నీ కథాసంగ్రహం చదివాను. అమెరికాలో ఉద్యోగం చేసే అమ్మాయి క్రిస్మస్‌కి ఊరొస్తుంది. తాతగారి బేకరీ మూతపడబోతుంటుంది. ఊళ్లోనే ఉండిపోయిన చిన్ననాటి స్నేహితుడు ఎదురవుతాడు. ఇద్దరూ కలిసి బేకరీని నిలబెడతారు, కూడలిలో చెట్టుకు దీపాలు వెలిగిస్తారు. ఈ కథ నాకు తెలుసమ్మా. డల్లాస్‌లో మీ అక్క దగ్గరున్న చలికాలమంతా మీ పెద్దమ్మా నేనూ ఇవే చూశాం. హాల్‌మార్క్ ఛానల్ వాళ్లు 2009 నుంచి ‘కౌంట్‌డౌన్ టు క్రిస్మస్’ అని పేరు పెట్టి ఏటా వరసగా వేస్తున్నారు. తర్వాత నెట్‌ఫ్లిక్స్ కూడా అందుకుంది. వాటిని నేను తక్కువ చేయను. చలికి మోకాళ్లు పట్టేసి, తెలిసిన మొహం ఒక్కటీ లేక మీ పెద్దమ్మ దిగులుపడ్డ రోజుల్లో ఆమెకు తోడున్నవి ఆ సినిమాలే. చివరికి అంతా మంచే జరుగుతుందని ముందే తెలియడం మనిషికి ఎంత ఊరటో కళ్లారా చూశాను.

కానీ సెట్లు వేసినవాణ్ణి కదా, నా కన్ను వేరే చోట పడుతుంది. వాటిలో చాలామటుకు కెనడాలో తీస్తారు, అదీ ఎక్కువగా ఎండాకాలంలోనే. మంచు అంటే కాగితపు పొడి, నురగ, తెల్ల దుప్పట్లు. మనుషులు కోట్లు తొడుక్కుని నిలబడతారు, నోట్లోంచి ఆవిరి రాదు. దాన్ని తప్పు పట్టను, అది మా పనే. నన్ను బాధపెట్టింది ఇంకొకటి. ఆ ఊళ్లో జనం ఏం చేసి బతుకుతారు, ఏ గుడికి వెళ్తారు, పండక్కి డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుంది, ఏదీ తెలియదు. రాజకుమారుడి కథ అయితే దేశాన్నే కల్పిస్తారు. రుమేనియాలో కోట చూపించి లేని రాజ్యం పేరు చెబుతారు. రుమేనియా వాళ్లు క్రిస్మస్‌కి ఏం వండుకుంటారో ఆ కథకి అక్కర్లేదు. పుట్టిన బాలుడి పేరు కూడా చాలా వాటిలో వినబడదు. దీపాలు, కుకీలు, చెట్టు, మంచులో ముద్దు.

నువ్వు ఆ మూసను మన పేటకి తెస్తున్నావు. మూస ఉంచుకో. అందులో పోసేది మాత్రం మనదే కావాలి.

చిన్న సంగతులు ముందు చెప్పేస్తాను. ఏ సంఘమో మొదట తేల్చుకో. లూథరన్, ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్కులు), బాప్టిస్టు, ముక్తిఫౌజు, పెంతెకొస్తు, ఏదో ఒకటి అనుకున్నాకే సెట్ వేయించు. మన లూథరన్లు పాస్టరుని అయ్యగారు అంటారు, ఫాదర్ అనరు. మన గుడిలో మరియమ్మ విగ్రహం ఉండదు. చెప్పులు బయట. ఆడవాళ్లు ఒకవైపు, మగవాళ్లు ఒకవైపు, చాపల మీద. ప్రార్థన అనగానే చెంగు తల మీదికి వస్తుంది.

బేకరీ తీసేయ్. మన పేటలో బేకరీ ఎవరికుంది? నీకు కావాల్సింది పదిమంది కలిసి ఏదో చేస్తూ ఆ ఇద్దరూ పక్కపక్కన పడే చోటు. అరిసెలు వండే రాత్రిని మించిన చోటు ఏముంది? ఇవాళ మన ఇల్లు, రేపు పక్కిల్లు. ఒకామె పాకం చూస్తుంది, ఒకామె పిండి కలుపుతుంది, ఇంకొకామె ఆకు మీద తట్టి నూనెలో వదులుతుంది, మరొకామె తేలిన అరిసెను రెండు గరిటెల మధ్య పెట్టి నూనె వత్తుతుంది. పాకం ముదిరిందా లేదా అని వాదన. కుర్రాళ్లకి దంపుడు పని. అప్పుడే ఎందుకంటే, డెల్టాలో వరికోతలు ముగిసి కూలి డబ్బు చేతికొచ్చేది అప్పుడే. ఏడాదిలో కొత్తబట్టలు కొనేది, ఇంటికి సున్నం వేసేది ఆ నెలలోనే. ఆడపిల్లలు పుట్టిళ్లకు వచ్చేదీ అప్పుడే. పండగరోజు కోడికూర, గారెలు. ఇవన్నీ ఆ కోతల్లోంచి వచ్చినవే. హీరోయిన్ ఎక్కడి నుంచి వచ్చినా సరే, వెనకాల పొలంలో వరికుప్ప కనబడేలా పెట్టు.

ఇప్పుడు ఒక పాత సంగతి. ఇది తీరిగ్గా చదువు.

నేను మద్రాసులో ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లో చేరిన కొత్తల్లో ఒక యూనిట్ మన వైపు షూటింగ్ పెట్టుకుంది. పేర్లు వద్దు, ఆ డైరెక్టరు ఇప్పుడు లేడు. హీరోయిన్ క్రైస్తవ అమ్మాయి. క్రిస్మస్ రోజున గుడిలో హీరో ఆమెను మొదటిసారి చూడాలి. ఖర్చు కలిసొస్తుందని మన గుడిలోనే తీద్దామన్నారు. పేటలో ఇక ఎవరికీ కాలు నిలవలేదు. పండక్కని దాచుకున్న కొత్తచీరలు ముందే విప్పి కట్టుకున్నారు ఆడవాళ్లు. పిల్లలు రంగు కాగితాలు కత్తిరించి తోరణాలు కట్టారు. వెదురు బద్దలతో చేసిన నక్షత్రం పాకమీద పొడుగాటి గడకు కట్టారు. నిజాంపట్నం వైపు నుంచి సరుగుడు కొమ్మ తెచ్చి, ఇసుక పోసిన డబ్బాలో నిలబెట్టి, దూది అద్దారు.

డైరెక్టరు వచ్చి చూసి మొహం చిట్లించాడు. “ఇది చర్చిలా లేదయ్యా” అన్నాడు. చాపలు ఎత్తించి హైస్కూలు బెంచీలు వేయించాడు. సరుగుడు కొమ్మను బయట పడేయించి ప్లాస్టిక్ చెట్టు పెట్టించాడు. బలిపీఠం పక్కన మరియమ్మ విగ్రహం వచ్చింది. చీరల్లో ఉన్న మన ఆడవాళ్లను చూసి “వీళ్లు క్రిస్టియన్లలా లేరు” అని, గౌన్లు వేసిన జూనియర్ ఆర్టిస్టులను ముందు వరసలో కూర్చోబెట్టాడు. మనవాళ్లను వాళ్ల గుడి బయటే తాడు కట్టి తాడు వెనక నిలబెట్టారు. మా ఆర్ట్ డైరెక్టరు గారికి నేను చెప్పాను, లూథరన్ గుడిలో ఈ విగ్రహం ఉండదండీ, ఇక్కడి ఆడవాళ్లు ఇలాగే వస్తారండీ అని. మంచి మనిషి, ఆయన వెళ్లి చెప్పాడు. “ప్రేక్షకుడికి చర్చి అంటే ఇలాగే ఉండాలి, లేకపోతే అర్థం కాదు” అని జవాబొచ్చింది.

మాకు పెదనాన్న వరసాయన ఒకాయన కీర్తన ఎత్తుకునేవాడు. కంజీర ఆయన చేతిలో పడితే గుడి మొత్తం ఊగేది. పందొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌదరి గారి కాలం నుంచీ మన కీర్తనలు రాగతాళాల్లోనే ఉన్నాయి. ఆయన్ని పాడమన్నారు, ఒక్క చరణం విని “ఇది భజనలా ఉంది” అని ఆపేశారు. ఆయన కంజీరను కండువాలో చుట్టుకుని ఇంటికి వెళ్లిపోయాడు. సినిమాలో అక్కడ ఆర్గాన్ వినబడుతుంది. మన గుడిలో ఆర్గాన్ ఎప్పుడూ లేదు.

రేపల్లెలో ఆ సినిమా ఆడినప్పుడు పేటంతా కదిలింది. గుడి కనబడగానే ఈల వేద్దామని కాచుకున్న కుర్రాళ్లు ఊరికే కూర్చుండిపోయారు. మా అమ్మ నా వైపు తిరిగి “మనది ఎప్పుడొస్తుందిరా?” అని అడిగింది. అప్పటికే వచ్చి వెళ్లిపోయింది.

ఆ డైరెక్టరు చెప్పిన ప్రేక్షకుడు ఎవరు? ఆ రోజు టికెట్టు కొనుక్కుని హాల్లో కూర్చున్నది మీ నానమ్మే కదా! నిన్ను కూడా అడుగుతారు, ‘క్రిస్మస్ సినిమాలా కనబడాలి’ అని. అప్పుడు తడబడకు. మన గుడి వీడియోలు తీసుకెళ్లి చూపించు. చెట్టు సంగతి ఎత్తితే ఇది చెప్పు: ఆ చెట్టు కూడా ఒకప్పుడు జర్మన్ల ఇళ్లలోదే. 1848లో విక్టోరియా రాణి కుటుంబం చెట్టు చుట్టూ నిలబడ్డ బొమ్మ లండన్ పత్రికలో పడ్డాక ఇంగ్లండులో అది బాగా పాకింది. వాళ్లు తమ అడవిలో దొరికింది తెచ్చుకున్నారు, మనం మన సముద్రపు ఒడ్డున దొరికింది తెచ్చుకున్నాం. సరుగుడు కొమ్మను చూసి సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

ఇక నా అసలు భయం. నీ కథలో చర్చి ఊరి మధ్యలో ఉంది. చుట్టూ అందరూ చేతులు పట్టుకుని పాడతారు. ఎక్కడుందమ్మా ఆ కూడలి? మన గుడి ఎక్కడుందో నీకు తెలుసు. ఊరు దాటి, కాలవ గట్టు దిగితే, పేట మొదట్లో. 1842లో లూథరన్ మిషనరీ హయ్యర్ దొర గుంటూరు వచ్చాడు. 1878లో ఒంగోలు దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అలా క్రైస్తవంలోకి వచ్చినవాళ్లలో ఎక్కువమంది మాల, మాదిగ పేటలవాళ్లు. బడి కోసం వచ్చారు, అక్షరం కోసం వచ్చారు, ఎవరి ముందూ లేచి నిలబడక్కర్లేని ఒక కప్పు కోసం వచ్చారు. ఆ గుడిని ఎత్తుకెళ్లి ఊరి మధ్యలో పెడితే వాళ్లు దాటిన దూరమంతా తుడిచేసినట్టే.

1985లో కారంచేడు. 1991లో చుండూరు. రెండు చోట్లా దళితులను ఊచకోత కోశారు. చుండూరు మనకెంత దూరం? ఆ డిసెంబరులో ఇంటింటికీ పాడుతూ తిరిగే క్యారల్స్‌కి కుర్రాళ్లను రాత్రిపూట పంపడానికి మీ నానమ్మ ఒప్పుకోలేదు. అయ్యగారు వచ్చి బతిమాలితే, పేట దాటకూడదన్న షరతు మీద పంపింది. నీకు అప్పటి సంగతులు ఎవరూ చెప్పి ఉండరు. పిల్లల దగ్గర అనకూడదని మీ నాన్న పట్టు.

నిన్ను ఏడుపు సినిమా తీయమనడం లేదు. ప్రేమకథే తీయి, నవ్వించు, చివర పెళ్లి చేయి. కానీ ఆ కుర్రాడు ఊళ్లోవాడైతే, కాలవ దాటి పేటకి రావడం అతనికి ఎంత కష్టమో కథకి తెలియాలి. నీ కథకి క్యారల్స్ రౌండ్ ఉందిగా. నక్షత్రం, డోలక్, తాళాలు, ముందు ఒకడు క్రిస్మస్ తాత వేషంలో. అర్ధరాత్రి దాటాక ఏ ఇంటి ముందు ఆగుతారు, ఎవరు తలుపు తీస్తారు, టీ ఏ గ్లాసులో ఇస్తారు? వాళ్లు అతని ఇంటి ముందు ఆగుతారా? లోపల్నుంచి అతను బయటికి వస్తాడా? ఆ సీను రాయి. మంచు అక్కర్లేదు, దీపాలతో మెరిసిపోయే చెట్టూ అక్కర్లేదు.

ఇంకొకటి కూడా ఆలోచించు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల దళితుడు క్రైస్తవుడైతే ఎస్సీ హోదా పోతుంది. అందుకే ఎందరో పిల్లలకు సర్టిఫికెట్‌లో ఒక పేరు, బాప్తిస్మంలో ఒక పేరు. అమెరికాలో ఆఫీసువాళ్లు పిలిచే పేరుకీ, గుడి మెట్ల మీద ముసలమ్మ పిలిచే పేరుకీ తేడా ఉన్న అమ్మాయి నీ హీరోయిన్. ఆ కుర్రాడు ఆమెను ఏ పేరుతో పిలుస్తాడు?

నిర్మాత మెదక్ అడుగుతున్నాడట. మెదక్ గుడి నాకూ ఇష్టమే. మిషనరీ పోస్నెట్ దొర కరువు రోజుల్లో జనానికి పని దొరకాలని కట్టించిన గుడి, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ చేశారు. ఆ రంగు అద్దాల కిటికీల ముందు నిలబడి నేను ఎంతసేపు ఉండిపోయానో. క్రిస్మస్‌కి అన్ని మతాలవాళ్లూ వస్తారక్కడికి. దాని కథ దానికుంది. కావాలంటే ఆ కథ ఇంకోసారి తీయి. రేపల్లె పిల్ల క్లైమాక్స్‌లో తలుపు తీసుకుని మెదక్ గుడిలోకి నడిస్తే మాత్రం నేను ఒప్పుకోను.

ముద్దు సీను గురించి నీతో మాట్లాడటానికి నాకు మొహమాటం. పెట్టాలనిపిస్తే పెట్టు. గుడి ఆవరణలో మాత్రం వద్దు. రేపు అక్కడ కూర్చోవాల్సింది మీ అమ్మానాన్నలే.

షూటింగ్‌కి సంఘపెద్దలను ముందుగా కలువు, రాతపూర్వకంగా అనుమతి తీసుకో. ఇరవై నాలుగు, ఇరవై ఐదు తేదీల్లో అసలైన ఆరాధనకి కెమెరా అడ్డం పెట్టొద్దు. గుంపు సీన్లకి పేటవాళ్లనే పెట్టుకుని, జూనియర్ ఆర్టిస్టులకి ఇచ్చినంత కూలీ ఇవ్వు. సాయంత్రానికల్లా చేతికివ్వు, రేపు మాపు అనొద్దు. వాళ్ల చీరలే కట్టుకోనివ్వు. పేర్లు చివర తెర మీద వేయించు, స్పెల్లింగ్ తప్పులు లేకుండా. నువ్వు వేళకి తిను. ఎడిటింగ్ అని రాత్రుళ్లు మేలుకుని మొన్న ఎలా అయిపోయావో చూశాను, మీ అమ్మకి చెప్పలేదు.

రెండో డ్రాఫ్ట్ ప్రింట్ తీసి పంపు, ఫోన్‌లో చదవలేను. గుడి, పేట స్కెచ్‌లు నేను గీసిస్తాను, డబ్బు సంగతి ఎత్తితే ఊరుకోను. పాకం సీను తనకి చూపించకుండా తీయొద్దని మీ పెద్దమ్మ మరీ మరీ చెప్పమంది. సరుగుడు కొమ్మ కావాలంటే నిజాంపట్నంలో నాకు తెలిసిన మనిషి ఉన్నాడు, నవంబరులోనే చెప్పాలి అతనికి.

నీ
పెదనాన్న