బరువు తగ్గుతూ పెరుగుతుంటే గుండెకు ముప్పా?

ప్రశ్న: నా వయసు 44. గత ఎనిమిదేళ్లలో మూడుసార్లు 10 కిలోల చొప్పున తగ్గాను. మూడుసార్లూ ఏడాది తిరక్కుండానే మళ్లీ పెరిగాను. ఇప్పుడు 91 కిలోలున్నాను. మూడేళ్లుగా బీపీ మాత్ర వేసుకుంటున్నాను. షుగర్ లేదు. బరువు ఇలా తగ్గుతూ పెరుగుతుంటే గుండెజబ్బు వస్తుందని చదివాక భయం పట్టుకుంది. అలాంటప్పుడు తగ్గే ప్రయత్నం మానేసి ఉన్నట్టే ఉండిపోవడం నయమా?
- ఓ పాఠకుడు

సమాధానం: మానేయొద్దు. మీరు చదివింది అబద్ధం కాదు గానీ, దాన్నుంచి తీసుకున్న అర్థమే సరికాదు.

2017లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక విశ్లేషణ వచ్చింది. అప్పటికే గుండె రక్తనాళాల్లో పూడికలున్న 9,500 మందికి పైగా రోగుల బరువులను పరిశీలించారు. బరువు బాగా ఊగిసలాడినవారిలో, నిలకడగా ఉన్నవారి కన్నా గుండెపోటు, పక్షవాతం రెండింతలకు పైగా కనిపించాయి. వింటే గుండె గుభేలుమంటుంది, నిజమే. కానీ వాళ్లంతా ముందునుంచే గుండెజబ్బు ఉన్నవారు. మీకు ఆ జబ్బున్నట్టు రాయలేదు. పైగా ఈ తరహా పరిశీలనల్లో ఓ చిక్కుంది. లోలోపల ఏదో జబ్బు ముదిరి చిక్కిపోయినవాళ్లూ, పట్టుబట్టి తగ్గినవాళ్లూ ఒకే లెక్కలోకి వచ్చేస్తారు. అందుకని ఊగిసలాటే గుండెపోటు తెచ్చిందని తేల్చి చెప్పలేం.

అలాగని నేను దీన్ని తీసిపారేయను. కడుపు మాడ్చుకుని గబగబా తగ్గితే కొవ్వుతో పాటు కండా పోతుంది. మీరు వదిలించుకున్న 10 కిలోల్లో రెండు, రెండున్నర కిలోలు కండే అయ్యుండొచ్చు. తిరిగొచ్చేటప్పుడు మాత్రం కొవ్వు ముందు వస్తుంది, కండ వెనకబడుతుంది. వ్యాయామం లేకపోతే పూర్తిగా రాదు కూడా. అంటే కాటా మీద అదే అంకె కనిపించినా, లోపలున్న సరుకు అదే కాదు. ఆ పెరిగే నెలల్లో బీపీ, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో ఉండే ఒక రకం కొవ్వు), రక్తంలో గ్లూకోజు కూడా బరువు వెంటే పైకి ఎగబాకుతాయి. ఇంకో మాట. బాగా తగ్గిన శరీరం తన శక్తి ఖర్చు తగ్గించుకుంటుంది, ఆకలి పెంచుతుంది. మూడుసార్లూ మీకు మనోబలం చాలక ఓడిపోయారని అనుకోకండి. బీరువాలో మూడు సైజుల ప్యాంట్లున్నాయని నవ్వుతూ చెప్పేవాళ్లు నా దగ్గరికి చాలామందే వస్తుంటారు.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది బీపీ మాత్ర. బరువు తగ్గినప్పుడు బీపీ కూడా దిగుతుంది. కొందరికి లేచి నిలబడగానే కళ్లు తిరుగుతాయి, 'నాకు నయమైపోయింది' అనుకుని మాత్ర ఆపేస్తారు. ఆరు నెలలకు బరువు తిరిగొస్తుంది, బీపీ తిరిగొస్తుంది, మాత్ర మాత్రం తిరిగి మొదలవదు. నా అనుభవంలో ఊగిసలాట వల్ల జరిగే నష్టంలో ఇది పెద్దదే. బరువు నాలుగైదు కిలోలు అటూఇటూ అయిన ప్రతిసారీ ఇంట్లో ఓ వారం పాటు ఉదయం, సాయంత్రం బీపీ చూసి రాసుకుని డాక్టరుకు చూపించండి. మోతాదు మార్చాలో వద్దో ఆయన చెబుతారు.

ఈసారి 10 కిలోల లక్ష్యం పెట్టుకోకండి. ఇప్పుడున్న బరువులో 5 శాతం, అంటే నాలుగున్నర కిలోలు తగ్గినా బీపీ, ట్రైగ్లిజరైడ్లలో తేడా తెలుస్తుంది. వారానికి అరకిలో మించకుండా తగ్గండి. తర్వాత ఆరు నెలలు అక్కడే నిలబడండి. ఇంకా తగ్గాలనే ఆలోచన ఆ తర్వాతే. ఐదేళ్ల తర్వాత కూడా ఇలాగే తినగలను అనిపించని పద్ధతిని మొదటిరోజే పక్కన పెట్టండి. వారానికి కనీసం 150 నిమిషాల చురుకైన నడకతో పాటు, రెండు రోజులు కండరాలకు పని చెప్పే వ్యాయామాలు చేయండి. మూడుసార్లూ కేవలం నడకతో సరిపెట్టి ఉంటే, మీకు లోటుపడింది ఇదే అనుకుంటాను. వ్యాయామం మొదలెట్టే ముందు ఈసీజీ, లిపిడ్ ప్రొఫైల్ (రక్తంలో కొవ్వుల పరీక్ష), హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్), థైరాయిడ్, కిడ్నీ పరీక్షలు చేయించుకోండి.

రోజూ కాటా మీది అంకె చూసి కంగారు పడొద్దు. ఉప్పు ఎక్కువైనా, మలబద్ధకం ఉన్నా ఒకటి రెండు కిలోలు మారుతుంది. అది కొవ్వు కాదు. ఉదయం కాలకృత్యాలయ్యాక, ఏమీ తినకముందు చూసుకుని వారం సగటు లెక్కేసుకోండి. నెలకోసారి నడుము చుట్టుకొలత కూడా రాసుకోండి. పొట్ట దగ్గరి కొవ్వు సంగతి కాటా కన్నా టేపే బాగా చెబుతుంది.

రెండు మూడు రోజుల్లోనే రెండు కిలోలు పెరిగి, పాదాలు వాచి, పడుకుంటే ఆయాసం వస్తుంటే మాత్రం అది వేరే సంగతి. గుండె బలహీనపడి ఒంట్లో నీరు చేరుతుండొచ్చు. ఏ ప్రయత్నమూ చేయకుండానే బరువు తగ్గిపోతున్నా కారణం వెతకాల్సిందే. ఛాతీలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చెమటలు వస్తే ఉత్తరం రాసి సమాధానం కోసం చూడొద్దు, అప్పటికప్పుడు ఆసుపత్రికి వెళ్లండి.