లేవమని గుర్తుచేసే యాప్‌కు మీ ఎస్‌ఎంఎస్‌లతో పనేమిటి?

ప్రశ్న: మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో లెక్కలు రాస్తాను. టైప్-2 మధుమేహం ఉంది. ఎక్కువసేపు కూర్చోవద్దని డాక్టర్ చెప్పడంతో, లేవమని గుర్తుచేసే యాప్ పెట్టుకున్నాను. కొన్నాళ్లకే అది మూగబోయింది. తెలిసినవారు వాట్సాప్‌లో మరో యాప్ ఫైల్ పంపారు. కెమెరా మీద వేలు పెడితే షుగర్ కూడా చూపుతుందట. వేసుకోవచ్చా?

జవాబు: వేసుకోకండి. నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు నుంచి ఇదే ఫిర్యాదు మళ్లీ మళ్లీ వస్తున్నందున కాస్త వివరంగా రాస్తున్నాను.

మీ పాత యాప్ చెడిపోయి ఉండకపోవచ్చు. బ్యాటరీ ఆదా పేరుతో ఫోనే దాన్ని ఆపేసి ఉంటుంది. ఆరోగ్యం కోసం పెట్టుకున్న యాప్‌ను, వాడక మూలన పడిన ఆటల యాప్‌ను ఒకే గాటన కట్టి, యజమానికి మాటైనా చెప్పకుండా ఆపేయడం బాధ్యత లేని రూపకల్పన. సెట్టింగ్స్‌లో ఆ యాప్‌ను తెరిచి, బ్యాటరీ దగ్గర ‘అన్‌రిస్ట్రిక్టెడ్’ ఎంచుకోండి.

అయినా మీరు కూర్చున్నారో లేదో ఆ యాప్‌కు నిజంగా తెలియదు. ఫోన్‌లోని యాక్సిలరోమీటర్ ఫోన్ కదలికనే కొలుస్తుంది కాబట్టి, దాన్ని బల్లమీద వదిలి మీరు మిల్లంతా తిరిగి వచ్చినా లెక్కలోకి రాదు. చేతికి కట్టుకునే ఫిట్‌నెస్ పట్టీలూ మణికట్టు ఊపును బట్టే అంచనా వేస్తాయి. గద్వాలలో గుంట మగ్గం మీద కూర్చుని నేసేవారి చేతి కదలికలను అడుగులుగా పొరబడి, లేవమని చెప్పకుండా ఊరుకోవచ్చు. పైగా ఇవి చాలావరకు గంటకోసారే గుర్తుచేస్తాయి. మధుమేహం ఉన్నవారు కూర్చునే సమయాన్ని 30 నిమిషాలకోసారి తెంచాలని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 2016లోనే సూచించింది. కండరం కదిలినప్పుడు ఇన్సులిన్ మీద ఆధారపడకుండానే రక్తంలోని గ్లూకోజ్‌ను కొంత లోపలికి తీసుకుంటుంది గనుక, అరగంటకోసారి మూడు నిమిషాలు నెమ్మదిగా నడిచినా భోజనం తరువాత పెరిగే షుగర్ తగ్గుతుందని పరిశోధనల్లో తేలింది. ఇంతమాత్రానికి ఫోన్‌తో వచ్చే అలారమో టైమరో చాలు. ఇన్సులిన్ తీసుకునేవారు మాత్రం షుగర్ మరీ పడిపోకుండా డాక్టర్‌ను అడిగి మొదలుపెట్టాలి.

నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది ఆ రెండో యాప్. లేవమని గుర్తుచేయడానికి శారీరక కదలికల అనుమతి, నోటిఫికేషన్ల అనుమతి ఉంటే సరిపోతుంది. ఎస్‌ఎంఎస్‌లు చదివే అనుమతి అడిగితే అది మీ బ్యాంకు ఓటీపీలను చదవగలదు. యాక్సెసిబిలిటీ అనుమతి ఇస్తే మీ తెరమీద ఉన్నదంతా చూడగలదు, మీ బదులు తానే బటన్లు నొక్కగలదు. అడిగినదానికల్లా ‘అల్లౌ’ నొక్కుకుంటూ పోయే అలవాటును ఇంకా ఎందుకు వదులుకోరో నాకు అర్థం కాదు. డబ్బు పోయాక బ్యాంకు చుట్టూ తిరగడం కన్నా, నొక్కే ముందు ఒక్క వాక్యం చదవడం ఎంతో తేలిక.

షుగర్ చూపుతుందన్న మాటనూ నమ్మకండి. చర్మాన్ని గుచ్చకుండా తమంతట తామే గ్లూకోజ్ కొలిచే స్మార్ట్‌వాచ్‌ను గాని, ఉంగరాన్ని గాని తాము ఆమోదించలేదని, మందులకూ వైద్య పరికరాలకూ అనుమతులిచ్చే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో హెచ్చరించింది. కెమెరా మీద పెట్టిన వేలు అంతకన్నా ఏమి చెప్పగలదు? ఫోన్‌లో గ్లూకోజ్ చూపే నమ్మదగిన పరికరాలు ఉన్నాయి గాని, వాటిలో కొలిచేది చర్మం కిందికి వెళ్లే సన్నని సెన్సార్; ఫోన్ ఆ అంకెను చూపిస్తుంది, అంతే. తప్పుడు అంకెను నమ్మి ఇన్సులిన్ మోతాదు మార్చుకుంటే ప్రాణం మీదికి వస్తుంది.

ఇప్పటికే వేసుకుని ఉంటే వెంటనే మొబైల్ డేటా, వైఫై ఆపేయండి. యాక్సెసిబిలిటీ అనుమతి తీసేసి, తరువాత యాప్‌ను తొలగించండి; తొలగనంటే ఫోన్‌ను సేఫ్ మోడ్‌లో (మనం వేసుకున్న యాప్‌లు పనిచేయని స్థితిలో) తెరిచి ప్రయత్నించండి. పాస్‌వర్డ్‌లు వేరే ఫోన్ నుంచి మార్చండి. డబ్బు పోయినట్టు తెలిస్తే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల సహాయ నంబరు 1930కు ఫోన్ చేసి, బ్యాంకుకూ చెప్పండి. వాట్సాప్‌లో వచ్చిన యాప్ ఫైళ్లను వేసుకోనిచ్చే ‘ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్’ అనుమతి దానికి ఇచ్చి ఉంటే ఈరోజే తీసేయండి. ఆ ఫైల్ పంపిన మీ తెలిసినవారి ఫోన్‌లోనూ ఆ యాప్‌ను తీయించండి, ఎందుకంటే వారు దాన్ని ఇంకెంతమందికి పంపారో మీకు తెలియదు.