మీ జీతం 2.90 లక్షలు కాదు, 1.35 లక్షలు

ఈ వారం ఉత్తరాన్ని హైదరాబాద్ నుంచి ఒక ఫస్ట్ ఆఫీసర్ (కో-పైలట్) రాశారు. వయసు 32, నడిపేది ఎయిర్‌బస్ ఏ320. బాగా ఎగిరిన నెలలో చేతికి 2.90 లక్షలు వస్తుందట. డ్యూటీ గంటల కొత్త నిబంధనలు వచ్చాక గంటలు తగ్గి, గత ఆరు నెలల సగటు 2.55 లక్షలకు దిగింది. అసలు ఎగరకపోతే వచ్చే ఫిక్స్‌డ్ భాగం 1.35 లక్షలు. పైలట్ శిక్షణకు గుంటూరులోని నాన్నగారి ఇల్లు తాకట్టు పెట్టి తీసుకున్న లోన్ ఇంకా 30 లక్షలు ఉంది, దాని ఈఎంఐ 52,000. కారు ఈఎంఐ 28,000, ఇంటి అద్దె 38,000, ఇంటి ఖర్చు 55,000. బ్యాంకులో 2.10 లక్షలు, మ్యూచువల్ ఫండ్స్‌లో 6 లక్షలు ఉన్నాయి. ఇన్సూరెన్స్ అంటే ఆయన పనిచేసే ఎయిర్‌లైన్స్ ఇచ్చిందే. భార్యకు ఆరో నెల.

ఆయన ప్రశ్న ఇది: ‘హైదరాబాద్ శివార్లలోని కొల్లూరు దగ్గర ఒక ప్రీ-లాంచ్ ఫ్లాట్ (ప్రాజెక్ట్ అధికారికంగా మొదలు కాకముందే అమ్మేది) చాలా తక్కువ ధరకు వస్తోంది. 2 లక్షలు అడ్వాన్స్ ఇచ్చాను. ఇంకో 30 లక్షలు వెంటనే కట్టాలి. బ్యాంకులు హోమ్ లోన్ ఇవ్వడం లేదు కాబట్టి 12.5 శాతానికి పర్సనల్ లోన్ తీసుకుందామనుకుంటున్నాను. మా కెప్టెన్ రెండు ఫ్లాట్లు కొన్నారు. ముందుకు వెళ్లమంటారా?’

వద్దు. ఆ లోన్ అప్లికేషన్ మీద సంతకం పెట్టి ఉంటే ఈ రోజే రద్దు చేసుకోండి.

ఈ ఉత్తరాన్ని ఎంచుకున్నది పైలట్ల కోసం మాత్రమే కాదు. ఇన్సెంటివ్ మీద బతికే సేల్స్ వాళ్లు, కాంట్రాక్ట్ మీద ఓడల్లో పనిచేసే వాళ్లు, వేరియబుల్ పే ఉన్న ఐటీ ఉద్యోగులు అందరూ చేసే తప్పు ఇందులో ఉంది. మంచి నెలలో వచ్చిన పే స్లిప్ చూసి అదే మన జీతం అనుకుంటాం, దాన్ని బట్టి ఈఎంఐలు పెట్టుకుంటాం.

మీ లెక్కే చూడండి. 30 లక్షలకు 12.5 శాతం వడ్డీతో ఐదేళ్లంటే నెలకు దాదాపు 67,500. ఇప్పటికే ఉన్న 80,000 కలిపితే ఈఎంఐలే 1,47,500. మీ ఫిక్స్‌డ్ జీతం 1,35,000. అంటే ఒక నెల మీరు ఎగరలేకపోతే అద్దె, పాలు, మందులు పక్కన పెట్టండి, అప్పులు కట్టడానికే డబ్బు చాలదు.

ఎగరలేకపోవడానికి పెద్ద జబ్బే రానక్కర్లేదు. కాలు విరిగిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగి మంచం మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని పని చేసుకుంటాడు, జీతం పడుతుంది. మీకు కిడ్నీలో రాయి కనపడినా చాలు, ‘టెంపరరీ అన్‌ఫిట్’ అని రాస్తారు. మళ్లీ ఫిట్ అని కాగితం వచ్చేదాకా కాక్‌పిట్‌లోకి వెళ్లలేరు, ఫ్లయింగ్ అలవెన్స్ రాదు. ఏటా జరిగే క్లాస్-1 మెడికల్ (పైలట్ల ఆరోగ్య పరీక్ష) మీద మీ సంపాదన అంతా ఆధారపడి ఉంది. ఈ మాట మీకు నాకంటే బాగా తెలుసు, కానీ మీ బడ్జెట్‌లో అది ఎక్కడా కనపడలేదు.

నన్ను ఎక్కువ భయపెట్టేది ఇంకొకటి ఉంది. జ్వరంగా ఉందనో, వరుస రాత్రి డ్యూటీలతో అలసిపోయాననో చెప్పి డ్యూటీ మానేయడం మీ హక్కు, మీ బాధ్యత కూడా. నెలాఖరుకు ఇన్ని గంటలు నిండకపోతే ఈఎంఐ బౌన్స్ అవుతుందన్న టెన్షన్ ఉన్న మనిషి ఆ మాట ధైర్యంగా చెప్పగలడా? కొత్త నిబంధనలు వారపు విశ్రాంతిని 36 గంటల నుంచి 48 గంటలకు పెంచాయి, రాత్రి ల్యాండింగ్‌లను ఆరు నుంచి రెండుకు తగ్గించాయి. అవి మీ ఆరోగ్యం కోసం, మీ వెనక కూర్చున్న నూట ఎనభై మంది కోసం. ఆ విశ్రాంతిని నష్టంగా చూసే పరిస్థితి అప్పు వల్లే వస్తుంది. మీ ఉత్తరంలో ‘గంటలు తగ్గి నష్టపోయాను’ అన్న వాక్యం చదివి నాకు బాధేసింది.

ఇక కంపెనీ సంగతి. కింగ్‌ఫిషర్ 2012 అక్టోబర్‌లో, జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్‌లో, గో ఫస్ట్ 2023 మేలో ఎగరడం ఆపేశాయి. బాగా నడుస్తున్న కంపెనీలకు కూడా 2020 మార్చి 25 నుంచి మే 25 దాకా దేశంలో మామూలు ప్యాసింజర్ సర్వీసులే లేవు. ఒక ఎయిర్‌లైన్స్ మూతపడ్డప్పుడు నా దగ్గరికి వచ్చిన కెప్టెన్ ఒకరు నాకు ఇప్పటికీ గుర్తున్నారు. జీతం రాని మొదటి నాలుగు నెలలు క్రెడిట్ కార్డులతో ఈఎంఐలు కట్టారు. తర్వాత పర్సనల్ లోన్ తీసుకుని కార్డులు తీర్చారు. ఆ తర్వాత ఇంట్లో బంగారం అమ్మారు. ఉద్యోగం దొరక్క కాదు, దొరికింది. దొరికేలోపు గడవడానికి చేతిలో డబ్బు లేదు, అంతే. ఒకే రోజు వందల మంది పైలట్లు రోడ్డున పడితే అందరూ అవే కొద్దిపాటి ఖాళీల కోసం క్యూ కడతారు. ఇంటర్వ్యూ, సిమ్యులేటర్ చెక్, కొత్త కంపెనీ శిక్షణ అయ్యేసరికి నెలలు గడుస్తాయి.

అందుకే మామూలు ఉద్యోగికి ఆరు నెలల ఎమర్జెన్సీ ఫండ్ చాలంటాను గానీ, పైలట్‌కు పన్నెండు నెలలు ఉండాల్సిందే అంటాను. ఇందులో బేరం లేదు. మీ నెల ఖర్చు ఈఎంఐలతో కలిపి 1.73 లక్షలు. ఏడాదికి దాదాపు 21 లక్షలు. మీ దగ్గర ఉన్నది 2.10 లక్షలు, అంటే 36 రోజుల ఖర్చు. బిడ్డ పుట్టబోతున్న ఇంట్లో 36 రోజులు!

చేయాల్సింది ఇది. ముందు ఆ కారు అమ్మేయండి. డ్యూటీకి కంపెనీ క్యాబ్ వస్తుందని మీరే రాశారు. లోన్ తీరగా మిగిలిన దాంతో ఒక చిన్న సెకండ్ హ్యాండ్ కారు వస్తే కొనుక్కోండి, కొత్త లోన్ మాత్రం వద్దు. నెల ఖర్చు 1.45 లక్షలకు దిగుతుంది, ఫండ్ లక్ష్యం 17.40 లక్షలకు తగ్గుతుంది. ఇప్పటి సగటు జీతంలో నెలకు లక్షకు పైగా మిగులుతుంది. ఇన్సూరెన్స్ ప్రీమియంలు పోగా ఫండ్ పూర్తవడానికి పదిహేను, పదహారు నెలలు పడుతుంది. అప్పటిదాకా మ్యూచువల్ ఫండ్స్‌లో నెలనెలా వేసే సిప్‌లు ఆపండి, వాటిలో ఇప్పటికే ఉన్న 6 లక్షలను కదపకండి. ఎమర్జెన్సీ ఫండ్‌ను స్వీప్-ఇన్ ఎఫ్‌డీలో (సేవింగ్స్ ఖాతాకు ముడిపడ్డ ఫిక్స్‌డ్ డిపాజిట్) సగం, లిక్విడ్ ఫండ్‌లో (త్వరగా వెనక్కి తీసుకోగలిగే మ్యూచువల్ ఫండ్) సగం పెట్టండి. ఎన్‌పీఎస్ (పెన్షన్ పథకం), బంగారం వగైరా తర్వాత చూద్దాం.

ఇన్సూరెన్స్ గురించి కంపెనీ ఇచ్చింది ఉందని ఒక్క ముక్కలో తేల్చేశారు. అది ఉద్యోగంతో పాటే పోతుంది. మీ పేరు మీద కనీసం 2 కోట్ల టర్మ్ పాలసీ ఈ నెలలోనే తీసుకోండి, ప్రపోజల్‌లో వృత్తి పైలట్ అని స్పష్టంగా రాయండి. కానీ టర్మ్ పాలసీ మనిషి పోతేనే డబ్బిస్తుంది, మెడికల్ పోతే పైసా రాదు. దానికి లాస్ ఆఫ్ లైసెన్స్ కవర్ కావాలి. కంపెనీ గ్రూప్ పాలసీ కాగితం హెచ్ఆర్‌ను అడిగి తెప్పించుకుని చదవండి. శాశ్వతంగా అన్‌ఫిట్ అయితేనే ఇస్తారా, తాత్కాలికమైనా నెలనెలా ఏమైనా ఇస్తారా? వయసు పెరిగే కొద్దీ మొత్తం తగ్గుతుందా? మానసిక సమస్యలు, పాత జబ్బులు మినహాయించారా? వచ్చే మొత్తం 30 లక్షల శిక్షణ లోన్ తీర్చి, కనీసం ఐదేళ్ల ఇంటి ఖర్చుకు సరిపోవాలి. చాలకపోతే విడిగా తీసుకోండి. మీ మెడికల్ పోతే ఆ లోన్ కట్టలేక పోయేది నాన్నగారి ఇల్లు. అమ్మానాన్నలకు హెల్త్ పాలసీ ఉందో లేదో మీరు రాయలేదు, లేకపోతే అదీ తీసుకోండి.

ఫ్లాట్ విషయం. బ్యాంకులు లోన్ ఎందుకు ఇవ్వడం లేదో ఒక్కసారి ఆలోచించారా? రెరా (రియల్ ఎస్టేట్ ప్రాజెక్టులను నియంత్రించే ప్రభుత్వ సంస్థ) రిజిస్ట్రేషన్ లేని ప్రాజెక్ట్ మీద వాళ్లు డబ్బు పెట్టరు, అందుకని. అలాంటి పెద్ద అపార్ట్‌మెంట్ ప్రాజెక్ట్‌కు రిజిస్ట్రేషన్ లేకుండా బుకింగ్ తీసుకోవడమే చట్ట విరుద్ధం. రిజిస్టర్ అయినా సరే, సేల్ అగ్రిమెంట్ రిజిస్టర్ చేయకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. బ్యాంకు వద్దన్న దాన్ని మీరు బ్యాంకు దగ్గరే ఎక్కువ వడ్డీకి అప్పు చేసి కొంటున్నారు. మీ కెప్టెన్ జీతం వేరు, అప్పులు వేరు, ఆయన కొన్న ఫ్లాట్లు ఇంకా కాగితం మీదే ఉన్నాయి.

బిల్డర్‌కు ఈ వారమే రాతపూర్వకంగా లెటర్ ఇచ్చి 2 లక్షలు వెనక్కి అడగండి. రసీదు, వాట్సాప్ మెసేజ్‌లు, బ్యాంక్ స్టేట్‌మెంట్ జాగ్రత్త చేయండి. ఇవ్వకపోతే తెలంగాణ రెరాకు ఫిర్యాదు చేయండి. ఆ 2 లక్షలు తిరిగి రాకపోయినా సరే, వాటి కోసం ఇంకో 30 లక్షలు కట్టకండి.