ఏడు సంతకాలు పెట్టించే ముందు

అమ్మలూ,

వాషింగ్టన్‌లో అమెరికా ప్రతినిధుల సభ సభ్యురాలి ఆఫీసులో చేరిన వారానికే ప్రభుత్వ శాఖకి లేఖ రాసే పని నీ మీద పడిందటగా. మీ నాన్న చెప్పాడు. "ఫైళ్లు ఇవ్వకపోతే కోర్టుకెళ్తాం" అని డ్రాఫ్టులో రాశావట. ముందు ఆ వాక్యం కొట్టెయ్.

కోర్టు గడప దగ్గర మొదట అడిగేది, నష్టం ఎవరికని. సభ అధికారానికి గండి పడిందంటూ కొందరు సభ్యులు విడిగా వచ్చి దావా వేస్తే కుదరదని 1997లోనే రెయిన్స్ వర్సెస్ బర్డ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కమిటీ సమన్లు ఇచ్చి, సభ అనుమతితో వెళ్తే ఆ దారి వేరు. సభలో సంఖ్య తక్కువున్న పక్షంలోని మీకు ఆ బలం ఎక్కడిది?

మీకున్నదల్లా 1928 నాటి చట్టం. ప్రభుత్వ పనితీరుని తనిఖీ చేసే హౌస్ ఓవర్‌సైట్ కమిటీలో ఏ ఏడుగురు అడిగినా, విషయం కమిటీ పరిధిలోదైతే శాఖ ఇవ్వాలి. ట్రంప్ హోటల్‌గా మారిన పాత పోస్టాఫీసు భవనం లీజు కాగితాలు 2017లో కమిటీ సభ్యులు అలాగే అడిగారు. ప్రభుత్వం ఇవ్వలేదు, వాళ్లు కోర్టుకెళ్లారు. దావా వేసే అర్హత లేదని 2018లో జిల్లా కోర్టు కొట్టేసింది. 2020 డిసెంబరులో అప్పీలు కోర్టు 2-1తో తిరగరాసింది: చట్టం ఆ సభ్యులకే హక్కిచ్చింది, కాగితం అందనిది వాళ్లకే, కనుక నష్టమూ వాళ్లదే అని. చదువుతుంటే ప్రాణం లేచొస్తుంది. కానీ ఆ తీర్పుని నమ్ముకోకు. 2023లో సుప్రీంకోర్టు విచారణకి తీసుకున్నాక సభ్యులే కేసు వదులుకున్నారు, తీర్పు రద్దయింది. ఐదేళ్లు దాటిన గొడవ, ప్రశ్న మాత్రం ఎక్కడిదక్కడే.

కాబట్టి నీ శ్రమంతా లేఖ మీదే పెట్టు. నేనొకసారి సరిగ్గా ఏడు సంతకాలతో పంపాను. మూడో ఆయన అంతకు ముందు వారమే కమిటీ మారారు. రెండు లైన్ల జవాబొచ్చింది, నా మొహం చూడాల్సింది! పెళ్లికి బియ్యం పోసినట్టు ఒకటి రెండు ఎక్కువే పెట్టించు. "సంబంధిత పత్రాలన్నీ" అనకు. లీజు, సవరణలు, నెలవారీ లెక్కలు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా అన్నీ విడివిడిగా రాయి. చట్టం పేరు మొదటి పేరాలోనే పడాలి.

పక్కన సమాచార స్వేచ్ఛా చట్టం కింద కూడా ఒక దరఖాస్తు పడెయ్. మన ఊళ్లో సమాచార హక్కు దరఖాస్తు లాంటిదే. 20 పనిదినాల గడువు, ఎవరైనా అడగొచ్చు. సగం పేజీలు, దాచాలనుకున్న చోటల్లా కొట్టేసిన నల్లగీతలతో వచ్చినా కంగారుపడకు.

సంతకాల పేజీ సిద్ధమయ్యాక ఫోన్ చెయ్. పేర్లు చదివి వినిపిస్తే నేనూ ఓసారి లెక్కపెడతా.

మీ పెదనాన్న